తన లోపము నెరిగిన యంత్రము

విద్యార్థులారా!

మన వల్లూరు పొలిమేర దాటి నిలిచినచో, కనుచూపు మేర నల్లని పలకలు వరుసలు తీరి కనబడును. ఒకనాడు వేరుశనగ పండిన మెట్టభూములివి. తిరుమణి, బాలసముద్రము, క్యాతగానచెర్లు, రాయచెర్లు, వల్లూరు అను అయిదు గ్రామములకు చెందిన సుమారు 13,000 ఎకరముల నేలపై 2018వ సంవత్సరము మార్చిలో ప్రారంభమైన ఈ సౌరవిద్యుత్ క్షేత్రము, 2019 చివరకు 2050 మెగావాట్ల సామర్థ్యము నందుకొన్నది. ప్రతి పలకలోను సిలికాను రేకులు కలవు. వెలుగు పడినంతనే వానిలో విద్యుత్తు పుట్టును. ఇది మీరందరు ఎరిగినదే.

ఈ సిలికానే గోరంత పరిమాణమున మరియొక పని చేయుచున్నది. అరచేతిలో నిముడు చిట్టెలుక దేహములో, చర్మమును కోయకయే, ఏ చోట వ్యాధి యున్నదో చూపు యంత్రములలో అది కన్నుగా అమరియున్నది. ఆ యంత్రమునకు పెట్ స్కానరని పేరు.

పదవ తరగతిలో ఈ మాట చెప్పినప్పుడు ఒక విద్యార్థిని లేచి, “సార్, ఇట్లాంటి విషయాలు ఇంగ్లీషులోనే కదా చెప్తారు? తెలుగులో చెప్పేందుకు వీలవుతుందా?” అని అడిగినది. నేను భాషను బోధించువాడను. ఆంధ్రదేశమున శిక్షణ పొంది, ఈ కన్నడ రాష్ట్రములోని తెలుగు బిడ్డలకు పాఠము చెప్ప వచ్చినవాడను. ఆ ప్రశ్న నన్ను పెక్కు దినములు విడువలేదు. ఇంటిలో తెలుగు, కచేరీలో కన్నడము, పై చదువులో ఇంగ్లీషు. ఇట్లు పెరుగు మన బిడ్డలు తమ భాష కథలకు, పాటలకు మాత్రమే చాలునని తలచినచో, ఆ తప్పు వారిది కాదు, చెప్పనివారిది. కావున ఆ ప్రశ్నకు సమాధానముగా ఈ పాఠమును వ్రాయుచున్నాను. అర్థమైనదో లేదో మీరే తేల్చవలెను.

1. రెండు కిరణముల కథ

పరమాణువులో ఎలక్ట్రానను ఋణవిద్యుత్కణము కలదని మీరు చదివితిరి. దానితో సమానమైన బరువు గలిగి, ధనవిద్యుత్తు గల కణము మరియొకటి కలదు. దాని పేరు పాజిట్రాను. డిరాక్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు 1928లో కనుగొన్న సమీకరణమునుండి ఇట్టి కణము ఉండవలెనను భావము పుట్టినది. 1932లో కార్ల్ ఆండర్సన్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు దానిని ప్రయోగమున కనుగొనెను. 1936లో ఆయనకు నోబెల్ బహుమానము లభించెను.

పాజిట్రాను ఎక్కువ దూరము పోజాలదు. సమీపమున నున్న ఎలక్ట్రానును కలిసికొనినంతనే రెండును నశించును. వాని స్థానమున రెండు గామా కిరణములు పుట్టి, ఒకటి తూర్పునకు పోయినచో రెండవది పడమటికి పోవునట్లు, ఎదురెదురు దిక్కులకు పరుగిడును. ఒక్కొక్క దాని శక్తి 511 కిలో ఎలక్ట్రాను వోల్టులు.

ఇక పరికరము సంగతి వినుడు. చీకటి రాత్రి కళ్ళము చుట్టు మన విద్యార్థులు వలయముగా నిలిచియున్నారనుకొందము. నడుమ నెక్కడనో ఒకడు కనబడకుండ నిలిచి, రెండు చేతులతో రెండు బంతులను ఒకేమారు ఎదురెదురు దిక్కులకు విసరుచున్నాడు. ఒకేక్షణమున ఏ యిద్దరికి బంతులు తగిలినవో, ఆ యిద్దరి నడుమ ఒక త్రాడు పట్టినచో, విసరినవాడు ఆ త్రాటిమీదనే ఎక్కడనో ఉండవలెను. పలుమార్లు విసరిన పిదప త్రాళ్ళన్నియు కలియు చోటే వాని స్థానము. పెట్ యంత్రము చేయు పని యిదియే. వలయములోని విద్యార్థులే గ్రాహకములు. ఇంగ్లీషున వీనిని డిటెక్టర్లందురు. రెండు గ్రాహకములు కొన్ని నానోసెకనుల లోపల, అనగా సెకనులో వందకోట్లవ వంతులు కొన్నింటి లోపల, కిరణములను పట్టినచో, అవి ఒకే జతకు చెందినవని యంత్రము గుర్తించును.

పాజిట్రాను దేహములోనికి ఎట్లు వచ్చును? ఫ్లోరిన్-18 అను రేడియోధార్మిక పరమాణువును ఒకవిధమైన చక్కెరకు తగిలించి సూదిమందుగా నెక్కింతురు. క్యాన్సరు కణములు సామాన్యముగా మిక్కిలి ఆకలిగొన్నట్టివి; చక్కెరను విశేషముగా లాగుకొనును. కావున ఆ చక్కెర గడ్డలో చేరి నిలిచి, అచటినుండి పాజిట్రానులను విడుచును. ఫ్లోరిన్-18 సుమారు 110 నిమిషములకు సగమై, ఒక దినము గడచునప్పటికి దాదాపు శూన్యమగును.

2. చిట్టెలుకతో పని యేమి?

మనుష్యులకొరకు పెట్ యంత్రములను 1970 దశకమున టెర్-పొగోసియన్, ఫెల్ప్స్, హాఫ్‌మన్ మున్నగువారు అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరమున నిర్మించిరి. అయితే క్రొత్త మందును మనుష్యునకిచ్చుటకు పూర్వము జంతువులపై పరీక్షింపవలెను గదా! పూర్వము మందు మొదటి వారమున ఏమి చేసినదో తెలియుటకు కొన్ని ఎలుకలను, రెండవ వారమున ఏమి చేసినదో తెలియుటకు మరికొన్నింటిని చంపి పరిశీలింపవలసి వచ్చెడిది. పెట్ యంత్రమున్నచో ఒకే ఎలుకను, ప్రాణముతోనే, మరల మరల చూడవచ్చును. ప్రాణిహింస తగ్గును, ఒక ఎలుకకు మరియొక ఎలుకకు గల భేదము వలన కలుగు చిక్కును తొలగును.

కాని ఒక కష్టము కలదు. 60 కిలోల మనుష్యుడెక్కడ, 25 గ్రాముల చిట్టెలుక ఎక్కడ! బరువున 2400 రెట్ల భేదము. 13ను 13చేత, ఆ లబ్ధమును మరల 13చేత గుణించినచో 2197 వచ్చును. కావున పొడవున భేదము సుమారు 13 రెట్లు. మనుష్యునిలో 5 మిల్లీమీటర్ల వివరమును చూపు యంత్రముతో సమానముగా ఎలుకలో చూడవలెనన్నచో, 0.4 మిల్లీమీటరు వివరము కనబడవలెను. ఆవగింజలో సగమును కూడ వేరుగా చూడవలెనన్నమాట.

సైమన్ చెర్రీ మున్నగువారు కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు లాస్ ఏంజెలిస్ శాఖలో మైక్రోపెట్ అను చిన్న యంత్రమును నిర్మించి 1997లో వివరములను ప్రకటించిరి. సుమారు 17 సెంటీమీటర్ల అడ్డుకొలత గల వలయములో 30 గ్రాహకములు, ఒక్కొక్క దానిలో 64 స్ఫటికములు, మొత్తము 1920. ఒక్కొక్క స్ఫటికము ముఖము 2 మిల్లీమీటర్ల చదరము, పొడవు 10 మిల్లీమీటర్లు. లుటీషియము అను బరువైన మూలకము గల ఈ స్ఫటికములో గామా కిరణము పడినచో మినుకుమని వెలుగు పుట్టును. ఆ యంత్రమున ఈ వెలుగును కాంతిగుణక నాళములు పట్టెడివి. తరువాత వచ్చిన పెక్కు యంత్రములలో ఆ నాళములకు బదులు సిలికాను గ్రాహకములు చేరినవి. మన పొలముల మీది పలకలకు ఇవి చుట్టములు. పలక కోటానుకోట్ల కాంతికణములను ఒక్కుమ్మడి త్రాగును. గ్రాహకము వానిని కొలది కొలదిగా లెక్కించును. భేదమింతే.

3. యంత్రము ఎచ్చట పొరపడును?

త్రాడు పట్టిన కథలో మనము నాలుగు సంగతులను ఒప్పులని తలచితిమి. నాలుగును పూర్తిగా ఒప్పులు కావు.

మొదటిది: పాజిట్రాను పుట్టినచోటనే నశింపదు. ఫ్లోరిన్-18 విషయమున సగటున అరమిల్లీమీటరునకు కొంచె మెక్కువ దూరము పోయి నశించును. యంత్రము నశించిన చోటును చూచునే గాని పుట్టిన చోటును చూడదు.

రెండవది: రెండు కిరణములు సరిగా ఎదురెదురుగా పోవు. ఒకటి రెండు భాగములుగా చేసిన డిగ్రీలో ఒక భాగము, అనగా సుమారు అర డిగ్రీ వరకు వంకర యుండవచ్చును. వలయము చిన్నదగుట ఇచట మేలు చేయును. 17 సెంటీమీటర్ల వలయములో ఈ దోషము 0.4 మిల్లీమీటరు మాత్రమే. 80 సెంటీమీటర్ల వలయములో అదే 1.8 మిల్లీమీటర్లగును.

మూడవది: కిరణము తగిలిన స్ఫటికమేదో తెలియును గాని, దాని 2 మిల్లీమీటర్ల ముఖమున ఎచ్చట తగిలినదో తెలియదు.

నాలుగవది మిక్కిలి చిక్కైనది. మన ఇండ్ల ముంగిట అరుగు కలదు. నిట్టనిలువుగా వాన పడినచో అరుగు అంచు మాత్రమే తడియును. గాలికి వాలుజల్లు కొట్టినచో చినుకు అంచును దాటి లోపలి గోడను తడుపును. అట్లే వలయము నడుమనుండి వచ్చు కిరణము స్ఫటికములోనికి నిటారుగా దూరును. ప్రక్కనుండి వచ్చునది వాలుగా దూరి, మొదటి స్ఫటికమును దాటి, ప్రక్క స్ఫటికములో తగులవచ్చును. 10 మిల్లీమీటర్ల స్ఫటికము తనలోనికి వచ్చిన కిరణములలో నూటికి సుమారు 60 మాత్రమే ఆపగలదు. తక్కినవి దాటిపోవును. ఆగిన వానిలో కూడ పెక్కు ఒక్క దెబ్బతో తమ శక్తినంతయు విడువక, వంగి, ప్రక్క స్ఫటికములో రెండవ దెబ్బ తీయును. అప్పుడు యంత్రము తప్పు స్ఫటికము పేరు వ్రాసికొనును. వలయము చిన్నదైన కొలది వాలు ఎక్కువ. మేలు చేసిన చిన్నతనమే ఇచట కీడు చేయుచున్నది.

ఫలితమేమి? 2 మిల్లీమీటర్ల గడ్డ చిత్రములో 3 మిల్లీమీటర్ల మసకచుక్కగా పరచుకొనవచ్చును. వెలుగు పరచుకొనుట వలన నడుమ తీక్ష్ణత తగ్గును. ఇది కంటికి సంబంధించిన కొరత మాత్రమే యని తలపకుడు. మందిచ్చిన పిదప గడ్డ చిన్నదైనదనుకొందము. చిన్నదైనకొలది మసక దానిని మరింత మింగును. కణముల ఆకలి ఏమాత్రము తగ్గకున్నను తగ్గినట్లు చిత్రము చూపును. చూచినవారు మందు రెండు విధముల పని చేసినదని నమ్ముదురు. ఆ నమ్మకముమీద ఒకనాడు రోగికి మందిచ్చినచో? అందువలన ఈ మసకను తెలిసికొనుట ప్రాణముతో కూడిన పని.

4. దోషమును పట్టికగా వ్రాయుట

తూకమున కొరత గల త్రాసును పారవేయుట ఒక మార్గము. అది ఎంత కొరత చూపునో కొలిచి, ప్రతి తూకమునకు ఆ లెక్కను కలుపుట మరియొక మార్గము. శాస్త్రజ్ఞులు రెండవ మార్గమును పట్టిరి.

కొలతలనుండి లోపలి రూపమును తెలిసికొను గణితమునకు 1917లో రాడోన్ అను ఆస్ట్రియా గణితవేత్త పునాది వేసెను. 1971లో బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థకు చెందిన జి. ఎన్. రామచంద్రన్, ఎ. వి. లక్ష్మీనారాయణన్ గారలు ఆ పనిని సులభముగా చేయు పద్ధతిని ప్రకటించిరి. మన రాష్ట్ర రాజధాని సంస్థనుండి వెలువడిన ఆ పద్ధతి లోకమంతట వాడుకలోనికి వచ్చినది. అయితే అందు ప్రతి త్రాడు సన్నని గీతయని, ప్రతి గ్రాహకము నిర్దోషమని అనుకొనవలసియుండును. చిన్న జంతువుల యంత్రమునకు ఆ అనుకొనుట చాలదు.

కావున దేహస్థలమును చిన్న చిన్న గళ్ళుగా భావింతురు. “ఈ గడిలో ఒక పాజిట్రాను నశించినచో, ఈ జత గ్రాహకములలో అది నమోదగుటకు ఎంత అవకాశము?” అని ప్రతి గడికి, ప్రతి జతకు ఒక సంఖ్య వ్రాయుదురు. ఇదే గ్రాహక ప్రతిస్పందన పట్టిక. 1920 స్ఫటికములనుండి 18 లక్షలకు పైగా జతలు ఏర్పడును. గళ్ళు రెండున్నర లక్షలున్నచో పట్టికలో 45,000 కోట్లకు పైగా సంఖ్యలుండవలెను! అయితే పెక్కు సంఖ్యలు శూన్యములు. వలయపు సౌష్ఠవము వలన ఒకచోట లెక్కించినది మరియొకచోట పనికివచ్చును. 1998లో జిన్‌యి చీ, రిచర్డ్ లేహీ మున్నగువారు మైక్రోపెట్ యంత్రమునకై ఈ పట్టికను ముక్కలుగా విడదీసిరి: గీతల జ్యామితికి ఒకటి, దేహములో కిరణములు తగ్గుటకు ఒకటి, స్ఫటికముల మసకకు ఒకటి, స్ఫటికముల సామర్థ్య భేదమునకు ఒకటి. ఒక్కొక్కటి చిన్నది, అన్నిటి గుణకారము పెద్ద పట్టికకు సమానము.

పట్టికలోని సంఖ్యలు ఎట్లు దొరకును? సూదిమొనయంత రేడియోధార్మిక బిందువును యంత్రములో ఒక్కొక్కచోట ఉంచి కొలుచుట ఒక విధము. కంప్యూటరులో కోట్లకొలది కిరణములను పాచికలవలె విసరి, ఒక్కొక్కటి ఎచ్చట తగులునో లెక్కించుట మరియొక విధము. జూదమునకు పేరొందిన ప్రాంతము పేరిట దీనిని మాంటీకార్లో పద్ధతి యందురు.

5. చేతితో చేయదగిన లెక్క

రెండు గళ్ళు, రెండు గ్రాహకములు మాత్రమే గల బుల్లి యంత్రమును ఊహింతము. గళ్ళ పేర్లు అ, ఆ. అ గడినుండి వచ్చిన 10 కిరణములలో 8 మొదటి గ్రాహకములో, 2 దారి తప్పి రెండవదానిలో పడును. ఆ గడివి 8 రెండవదానిలో, 2 మొదటిదానిలో పడును. కొలువగా మొదటి గ్రాహకమున 68, రెండవదానిలో 32 వచ్చినవి.

ప్రతిస్పందనను తెలియనివాడు, “అ గడిలో 68, ఆ గడిలో 32” అనును. తెలిసినవాడు ఇట్లు చేయును. మొదట రెండింట 50 చొప్పున కలదని ఊహించును. అప్పుడు గ్రాహకములలో 50, 50 రావలెను. వచ్చినవి 68, 32. నిష్పత్తులు 1.36, 0.64. అ గడికి మొదటి నిష్పత్తిలో 8 పాళ్ళు, రెండవదానిలో 2 పాళ్ళు తీసి గుణింపగా, 50 పోయి 60.8 వచ్చును, ఆ గడికి 39.2. ఈ క్రొత్త ఊహతో మరల అట్లే చేసినచో 67.5, 32.5. ఆ పైన 71.6, 28.4. ఇట్లు పోగా పోగా 80, 20 వద్ద నిలుచును. సరిచూడుడు: 80లో 64, 20లో 4 మొదటిదానిలో పడును, 64, 4 కలిసి 68. లెక్క సరిపోయినది.

ఊహించుట, పోల్చుట, దిద్దుట: ఈ మూడు అడుగుల పద్ధతిని పెట్ చిత్రములకు 1982లో షెప్, వార్డి అనువారు అన్వయించిరి. 1994లో హడ్సన్, లార్కిన్ అనువారు కొలతలను భాగములుగా విభజించి దానిని త్వరితపరచిరి.

6. అతిగా దిద్దుట

ఇచటనే జాగ్రత్త వలయును. నిజముగా 8, 2 పాళ్ళుండగా మనము యంత్రమును మరింత చెడ్డదిగా భావించి 7, 3 అని వ్రాసికొంటిమనుకొందము. అదే 68, 32 కొలతలనుండి 95, 5 వచ్చును! గడ్డ ఉన్నదానికంటె భయంకరముగా కనబడును. ప్రక్క గడి దాదాపు శూన్యమగును. చిత్రములలో ఇట్టి తప్పు గడ్డ అంచున లేని వెలుగు వలయముగా కనబడుట కలదు. తన లోపమును తక్కువగా చెప్పుకొనుట యెంత తప్పో, ఎక్కువగా చెప్పుకొనుటయు అంతే తప్పు.

పట్టిక సరియైనదైనను మరియొక చిక్కు కలదు. కిరణములు వానచినుకుల వలె యాదృచ్ఛికముగా వచ్చును. 100 రావలసిన చోట 90 రావచ్చును, 110 రావచ్చును. మన లెక్కలో 68, 32లకు బదులు 71, 29 వచ్చినచో సమాధానము 85, 15 అగును. కొలతలో 3 తప్పినచో ఫలితములో 5 తప్పినది. మసకను తొలగించు పని కొలతలోని వణుకును పెంచును. అందుచేత ఎంతవరకు దిద్దవలెనో, ఎచ్చట ఆగవలెనో తెలియుట కూడ విద్యయే.

ఆ హద్దును గూర్చి చెప్పునప్పుడు ఒక తెలుగువానిని తలపకుండుట తగదు. కల్యంపూడి రాధాకృష్ణారావు గారు 1920 సెప్టెంబరు 10వ తేదీన నేటి కర్ణాటకములోని హూవినహడగలిలో తెలుగు కుటుంబమున జన్మించిరి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తున గణితమును, కలకత్తాలో సంఖ్యాశాస్త్రమును చదివిరి. 1945లో, తమ 25వ యేట, ఒక విషయమును నిరూపించిరి: ఇంత సమాచారమునుండి, నిష్పక్షపాతముగా అంచనా వేయువాడు ఎంత నేర్పరియైనను, తన అంచనాలోని వణుకును ఒక హద్దుకంటె తగ్గింపజాలడు. స్వీడను దేశీయుడగు క్రామర్ కూడ దానిని వేరుగా కనుగొనుటచే అది క్రామర్–రావు హద్దని ప్రసిద్ధిచెందినది. నేడు గ్రాహకములను నిర్మించువారు, కిరణము తగిలిన చోటును, కాలమును ఎంత సూక్ష్మముగా తెలిసికొనవచ్చునో ఈ హద్దుతోనే లెక్కించుచున్నారు. 2023లో అంతర్జాతీయ సంఖ్యాశాస్త్ర బహుమానము నందుకొని, అదే సంవత్సరము ఆగస్టులో 102వ యేట ఆయన పరమపదించిరి. కన్నడ సీమలో పుట్టిన తెలుగు బిడ్డ ఎంత దూరము పోగలడో చూడుడు.

ముగింపు

విద్యార్థులారా! దోషము లేని యంత్రము లోకమున లేదు. తన దోషమెంతయో ఎరిగి, దానిని లెక్కలో చేర్చుకొన్న యంత్రము మాత్రము నమ్మదగినది. ఎరుగని యంత్రము మసకను సత్యమని చూపును. అతిగా దిద్దిన యంత్రము లేని వెలుగును పుట్టించును. ఈ మాట యంత్రములకే కాక, పుస్తకము పట్టిన ప్రతివానికి వర్తించును.

నన్ను ప్రశ్నించిన అమ్మాయికి చివరిమాట. ఈ పాఠములో పాజిట్రాను, సిలికాను, స్కానరు వంటి పరభాషాపదములు కొన్ని కలవు. తక్కినదంతయు అరుగు, వాలుజల్లు, కళ్ళము, త్రాడు, త్రాసు. ఇది నీకు అర్థమైనచో నీ ప్రశ్నకు సమాధానము నీవే చెప్పగలవు. అర్థము కానిచోట గీత గీసి నా యొద్దకు తెమ్ము. ఆ కొరత భాషది కాదు, నాది, దిద్దుకొందును.

అభ్యాసము

1. పై బుల్లి యంత్రములో (8, 2 పాళ్ళు) మొదటి గ్రాహకమున 62, రెండవదానిలో 38 వచ్చినచో అ, ఆ గళ్ళలో ఎంతెంత కలదు?

2. 68, 32 కొలతలకే పాళ్ళు 9, 1 అని పొరపాటున వ్రాసికొన్నచో ఫలితమేమి? గడ్డ నిజముకంటె ఎక్కువగా కనబడునా, తక్కువగానా?

3. వాలుజల్లు ఉపమానమును ఇంటివద్ద పెద్దలకు వివరించి, వారడిగిన ప్రశ్నలను వ్రాసికొని రండు.